అందరూ వచ్చేశారు

నడిమిలంకలో నాగూర్ బీ చేతి కుట్టు లేని ఇల్లు అరుదు. మచిలీపట్నంలో పుట్టి, పద్దెనిమిదో ఏట ఈ లంకకు కోడలిగా వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా వసారాలో కుట్టుమిషను ముందు కూర్చునే ఉంది. రైతుల బజారు ఆడవాళ్ళ పట్టు జాకెట్లు, పల్లెపాలెం వాళ్ళ లంగాలు, చర్చిపేట పిల్లల క్రిస్మస్ గౌన్లు, అన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్ళాయి. భర్త జానీ చల్లపల్లిలో ఆటో నడుపుతాడు. వారానికోసారి రేవు దాటి ఇంటికొస్తాడు. కూతురు సబీహాను గుడివాడ ఇచ్చారు.

ఆ ఆదివారం ఉదయం నాగూర్ బీ ఇంట్లో ఒంటరిగానే ఉంది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారని ముందురోజే మైకులో చెప్పారు. ప్రతి ఏడూ చెప్పే మాటే కదా అని ఎవరూ కదల్లేదు. తొమ్మిదింటికి కరకట్ట ఒకచోట జారింది. పదింటికి వీధిలో మోకాలి లోతు నీళ్ళు. పదకొండింటికి మిషను తొక్కుడు పలక మునిగింది. పక్కింటి నసీమా గోడ మీద నుంచి కేకేస్తే, ఉన్న చీరతో, సంచిలో ఇంటి కాగితాలతో బయటపడింది.

ఊళ్ళో ఎత్తైన కట్టడం ఒక్కటే, స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టర్. జనాన్ని అక్కడికి చేర్చడానికి రెండు పడవలున్నాయి. ఒకటి అవతలి ఒడ్డు నుంచి వచ్చిన సర్కారు పడవ. రెండోది పల్లెపాలెం సత్యవతమ్మ కొడుకు నాగేంద్రబాబు చేపల వేటకు వాడే ఇంజను పడవ. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో రాసే పని ప్రసన్నలక్ష్మి మీద పడింది. ఆ పిల్లకు ఇరవై ఆరేళ్ళు. గ్రామ సచివాలయంలో ఉద్యోగం వచ్చి ఆరు నెలలైంది. పైవాళ్ళెవరూ లంకలోకి రాలేకపోయారు. ఇళ్ళ వివరాలున్న రిజిస్టరు ఆఫీసుతోపాటు మునిగింది. అందుకని ఒక తెల్లకాగితం మీద ఐదు పేర్లు రాసుకుంది: రైతుల బజారు, పల్లెపాలెం, చర్చిపేట, సాయిబుల వీధి, యానాదుల దిబ్బ. ఎవరొస్తే ఆ పేరు ఎదురుగా టిక్కు పెడుతోంది.

నాగూర్ బీ షెల్టరు మెట్లెక్కి తడి కొంగు పిండుకుంటుంటే ఆ మాట చెవిన పడింది.

“సాయిబుల వీధివాళ్ళు వచ్చేశారాండీ?” అని ప్రసన్నలక్ష్మి అడుగుతోంది.

“ఆఁ, వచ్చేశారమ్మా. అరుగో,” అన్నాడు మాజీ సర్పంచి కాంతారావు, నాగూర్ బీనీ నసీమానూ చూపిస్తూ.

“ఎవరండీ వచ్చేసింది?” నాగూర్ బీ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “మేం రెండిళ్ళవాళ్ళం. ఇంకా తొమ్మిదిళ్ళవాళ్ళు మసీదు మిద్దె మీదున్నారు!”

“మీవాళ్ళంతా ఎప్పుడూ ఒక్కచోటే ఉంటారు గదా అనుకున్నానమ్మా.”

“ఒక్కచోటెందుకుంటామండీ కాంతారావుగారూ? ముస్తాక్‌వాళ్ళది చెరువు పక్క. పరుపులు కుట్టే దూదేకులవాళ్ళు మా వీధిలోనే ఉండరు, మాతో పెళ్ళిళ్ళు కూడా కలుపుకోరు. టోపీ పెట్టుకుంటే అందరూ ఒకటేనా? మీరూ మీ తమ్ముడుగారూ పక్కపక్క ఇళ్ళే గదా, మాట్లాడుకుని ఎన్నాళ్ళయింది? మీరొస్తే ఆయన వచ్చినట్టేనా?”

చుట్టూ ఉన్నవాళ్ళు అంత కష్టంలోనూ నవ్వారు. కాంతారావు ముఖం ఎర్రబడింది. కానీ ప్రసన్నలక్ష్మి పెట్టిన టిక్కు చెరిపేసి, వెంటనే నాగేంద్రబాబును మసీదుకు పంపింది. మూడు విడతల్లో తొమ్మిదిళ్ళవాళ్ళూ వచ్చారు. ఆఖరి పడవ కదిలాక మసీదు వెనక గోడ కూలిందట. ముస్తాక్ తల్లి ఎనభై ఏళ్ళ మనిషి, నాగూర్ బీ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. తను నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో అప్పుడు తెలిసొచ్చింది నాగూర్ బీకి.

సాయంత్రం పై అధికారి ఫోన్లో దొరికాడు. పంపకాల్లో గొడవలు రాకుండా అన్ని వర్గాలవాళ్ళతో ఒక కమిటీ వెయ్యమన్నాడు. రైతుల తరఫున కాంతారావు, పల్లెకారుల తరఫున సత్యవతమ్మ, చర్చిపేట తరఫున నతానియేలు మాస్టారు కూర్చున్నారు. ప్రసన్నలక్ష్మి అటూ ఇటూ చూసి, “నాగూర్ బీ గారూ, మీరూ రండి,” అంది.

నలుగురూ చాప మీద కూర్చున్నాక ఆ పిల్ల ఫోటో తీసింది. తీసి, పొద్దుట్నుంచీ మొదటిసారి ఊపిరి తీసుకున్నట్టు, “హమ్మయ్య. అన్ని వర్గాలవాళ్ళూ ఉన్నారు. ఇంక ఎవరూ వేలెత్తి చూపలేరు,” అంది.

నాగూర్ బీకీ అలాగే అనిపించింది. ముప్ఫై ఏళ్ళలో ఊరి వ్యవహారంలో ఆమెను ఎవరూ కూర్చోబెట్టింది లేదు. ఒక పక్క కాంతారావు, ఒక పక్క సత్యవతమ్మ. అంతకు కొద్ది నిమిషాల ముందు తాను లేని ఆ చాపను చూసినప్పుడు, అంతా వాళ్ళే, మనవాళ్ళొక్కరూ లేరు అనుకుంది. ఇప్పుడు అదే చాప చూస్తే ఊరంతా అక్కడే ఉన్నట్టు కనబడింది.

చీకటి పడేలోగా చల్లపల్లి నుంచి పులిహోర పొట్లాలు వచ్చాయి. పంచే పని నాగూర్ బీదే. కింది వరండాలో, తడిసిన వలల పక్కన, యానాది అంకమ్మరావు పెళ్ళాం పిల్లలతో ఒదిగి కూర్చుని ఉన్నాడు. వాళ్ళను పైకి రమ్మని ఎవరూ అనలేదు, వాళ్ళూ రాలేదు. ఆమె నాలుగు పొట్లాలిచ్చింది.

సోమవారం తొమ్మిదిన్నరకు కమిటీ మళ్ళీ కూర్చుంది. ఎగువన ఇంకో లంకలో జనం ఇళ్ళ కప్పుల మీద ఉన్నారట, ఇక్కడ పనైపోతే సర్కారు పడవను అక్కడికి పంపాలట. ప్రసన్నలక్ష్మి ఒక్కో పేరూ చదివింది. రైతుల బజారు అయింది. పల్లెపాలెం అయింది. చర్చిపేట, సాయిబుల వీధి అయ్యాయి.

“యానాదుల దిబ్బ?”

కాంతారావు సత్యవతమ్మ వైపు చూశాడు. సత్యవతమ్మ నతానియేలు వైపు చూసింది.

“వచ్చారమ్మా,” అంది నాగూర్ బీ. “వరండాలో ఉన్నారు. రాత్రి నేనే పొట్లాలిచ్చాను.”

టిక్కు పడింది.

అప్పుడే అంకమ్మరావు మెట్లెక్కి వచ్చి చాపకు కాస్త ఎడంగా నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, ఎవరైనా పలకరిస్తారేమోనని చూస్తున్నాడు. నాగూర్ బీ చూసింది. పిల్లలకు ఆకలేసి వచ్చాడనుకుంది. పక్కన మిగిలిన పొట్లం ఒకటి తీసి అతని చేతిలో పెట్టి, “వెళ్ళు నాయనా, మళ్ళీ పాలొస్తాయి, పిలుస్తాను,” అంది. అతను ఏదో అనబోయాడు. నతానియేలు మాస్టారు గట్టిగా సంతకాల సంగతి మాట్లాడుతున్నాడు. అంకమ్మరావు పొట్లం పట్టుకుని కిందికి దిగిపోయాడు.

నలుగురూ సంతకాలు పెట్టారు. ప్రసన్నలక్ష్మి ఫోన్లో, “మా దగ్గర అందరూ వచ్చేశారు సార్. కమిటీ కూడా సంతకాలు పెట్టింది,” అని చెప్పింది. సర్కారు పడవ ఇంజను మోత చాలాసేపు వినబడి, దిబ్బవైపు మలుపు తిరిగి, ఎగువకు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి పాలప్యాకెట్లు పంచుతూ నాగూర్ బీ వరండాకు వచ్చింది. అంకమ్మరావు లేచి నిలబడ్డాడు.

“అమ్మా, మా అన్నావాళ్ళని ఎప్పుడు తెస్తారమ్మా?”

“మీ అన్న రత్తయ్యా? ఇక్కడ లేడా?”

“మాది కాలవగట్టు గదమ్మా, ముందే పడవెక్కేశాం. అన్నావాళ్ళు దిబ్బ మీదే ఉండిపోయారు. నాలుగు గుడిసెలు, తొమ్మిదిమంది.”

నాగూర్ బీ చేతిలో ప్యాకెట్లు జారాయి. “మరి చెప్పవేం? నిన్నట్నుంచీ ఇక్కడే ఉన్నావు గదా, ఎందుకు చెప్పలేదు?”

“నిన్న సర్కారు పడవాయనకి చెప్పానమ్మా. దిబ్బ పేరు కాయితంలో ఉంది, పోతార్లే అన్నాడు. పొద్దున మీకు చెబుదామనే పైకొచ్చాను. మీరు పొట్లమిచ్చారు.”

ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. నాగూర్ బీ మెట్లమీద పడుతూ లేస్తూ పైకి పరిగెత్తింది.

ప్రసన్నలక్ష్మి ఫోను చెవిన పెట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగింది. సిగ్నలు లేదు. మిద్దెపైకి వెళ్ళింది, అక్కడా లేదు. “అందరూ వచ్చారని చెప్పేశానండీ. నేనే చెప్పేశాను,” అని ఏడవడం మొదలుపెట్టింది.

“యానాదోళ్ళు ఏటిలో పుట్టినోళ్ళు,” అన్నాడు కాంతారావు, తనకు తాను ధైర్యం చెప్పుకుంటున్నట్టు. “వాళ్ళకేం కాదు. ఏ చెట్టో ఎక్కుంటారు.”

“ఎనిమిదేళ్ళ పిల్లా ఏటిలోనే పుట్టిందా కాంతారావుగారూ? ముసలాళ్ళున్నారండీ అందులో!” అంది నాగూర్ బీ.

మిగిలింది నాగేంద్రబాబు పడవ ఒక్కటే. అతను ముందురోజంతా నీళ్ళలోనే ఉండి, ఒళ్ళు వెచ్చబడి, గోడవారగా పడుకుని ఉన్నాడు. నాగూర్ బీ మాట పూర్తికాకముందే సత్యవతమ్మ కొడుక్కి అడ్డంగా వచ్చి నిలబడింది.

“వద్దు వదినా. దిబ్బకాడ డ్రెయిను ఏట్లో కలిసే చోటు ఎట్టా ఉంటదో నీకు తెలీదు. వీళ్ళ నాన్నను సముద్రం తీసుకుంది. నాకు వీడొక్కడే.”

“నిన్న మసీదుకు పంపావు గదా వదినా.”

“నిన్న వేరు. అది ఊళ్ళో నీళ్ళు.”

“నిన్న నేను అడిగాను గనక పంపావు. వాళ్ళ తరఫున అడగడానికి ఎవరున్నారు? అడుగుదామని వచ్చినవాణ్ణి నేనే పంపేశాను. వచ్చేశారని చెప్పింది కూడా నేనే. నీ కాళ్ళు పట్టుకుంటాను వదినా.” అనడమే కాదు, నిజంగానే వంగింది.

సత్యవతమ్మ వెనక్కి జరిగింది. “నీవాళ్ళు కూడా కాదు గదే వాళ్ళు,” అంది, కోపమో బాధో తెలియని గొంతుతో.

“నేనూ ఎక్కుతాను పడవ. నాకు ఈత రాదు. నీ కొడుకుతోపాటే నేనూ.”

నాగేంద్రబాబు అప్పటికే లేచి చొక్కా తొడుక్కుంటున్నాడు. తల్లి ముఖం చూడకుండా మెట్లు దిగాడు. వెనక అంకమ్మరావు, ఆ వెనక నాగూర్ బీ. సత్యవతమ్మ వరండా స్తంభం పట్టుకుని, పడవ కనబడినంతసేపూ అలాగే నిలబడింది.

రోజూ నడిచే దారులేవీ కనిపించలేదు. రొయ్యల చెరువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. కరెంటు తీగలు చేతికందే ఎత్తులో వేలాడుతున్నాయి. నాగేంద్రబాబు వాటి కింద ఇంజను ఆపి, అందరినీ పడుకోమని, గెడతో నెట్టాడు. డ్రెయిను దగ్గర ప్రవాహం పడవను అడ్డంగా తిప్పేసింది. నాగూర్ బీ అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. తెలిసిన దువాలన్నీ మరిచిపోయింది. యా అల్లా, యా అల్లా అన్న మాట తప్ప ఇంకేం రాలేదు.

కళ్ళు తెరిస్తే దిబ్బ లేదు. గుడిసెలున్నచోట ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. అంకమ్మరావు “అన్నా!” అని అరిచాడు. మళ్ళీ అరిచాడు. మూడోసారికి రొయ్యల చెరువు మోటారు షెడ్డు వైపు నుంచి గొంతు పలికింది.

షెడ్డు రేకుల మీద ఐదుగురున్నారు. పక్కన మడచెట్లలో ముగ్గురు. పిల్లను చీరతో కొమ్మకు కట్టేశారు. నీళ్ళు రేకులకు జానెడు కిందే ఉన్నాయి. నాగేంద్రబాబు పడవను ఆనించి, ఒక్కొక్కరినీ దింపాడు. నాగూర్ బీ పిల్లను ఒళ్ళోకి తీసుకుని లెక్కపెట్టింది. ఎనిమిదిమంది. మళ్ళీ లెక్కపెట్టింది.

“పోలమ్మ ఏదీ?” అంది.

పోలమ్మ మొగుడు రత్తయ్య షెడ్డు అంచున కూర్చునే ఉన్నాడు. పడవలోకి దిగడం లేదు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఎముకల గూడులా ఉన్నాడు. ఒక రేకు మధ్యకు విరిగి, నీళ్ళలోకి వంగి ఉంది. ఆ చోటే చూస్తున్నాడు.

“పొద్దున పడవ చప్పుడు వినపడిందమ్మా,” అన్నాడు. “అదిగో, ఆ మలుపులో. మనకోసమే వచ్చిందంది. రాత్రంతా వానలో ముడుచుక్కూచున్న మనిషి, లేచి నిలబడి చెయ్యి ఊపింది. కూచోవే, రేకులే అవి అన్నాను. వాళ్ళకు మనం కనపడాలి గదా అంది. రేకు విరిగింది. పడవ అట్టానే పోయింది.”

అంకమ్మరావు రేకులమీదికి ఎక్కి, అన్నను నడుము పట్టుకుని, పసివాణ్ణి దించినట్టు పడవలోకి దించాడు. రత్తయ్య తిరుగుదారంతా నీళ్ళవైపే చూస్తూ కూర్చున్నాడు. ఏదైనా గుడ్డముక్క తేలుతూ కనబడితే నాగేంద్రబాబు చెయ్యి పట్టుకుని ఆపమనేవాడు.

పోలమ్మ బుధవారం దొరికింది, రెండు మైళ్ళు దిగువన, మడ అడవి వేళ్ళలో. పోస్టుమార్టానికి మచిలీపట్నం తీసుకెళ్ళి తెచ్చారు. నీళ్ళు తీసిన నేల ఎక్కడా లేక కరకట్ట పక్కనే పూడ్చారు. పూడ్చేటప్పుడు నాగూర్ బీ దూరంగా నిలబడింది. పోలమ్మ ఏడాదికోసారి తన దగ్గరికొచ్చేది. ఎవరో ఇచ్చిన పాత జాకెట్టు తెచ్చి, చంకల కింద బిగించమనేది. కూలి ఇవ్వబోతే నాగూర్ బీ తీసుకునేది కాదు. మర్నాడు ఆకులో నాలుగు పీతలు కట్టి గుమ్మంలో పెట్టి వెళ్ళేది. ముఖం తెలుసు, నవ్వు తెలుసు, ఎడమ భుజం కాస్త వాలుగా ఉంటుందని తెలుసు. ఆ సోమవారం కాగితం చదివినప్పుడు మాత్రం ఆమె ఒక్కసారైనా గుర్తుకు రాలేదు. వరండాలో నలుగురు కనబడితే, అంతా వచ్చేసినట్టే అనిపించింది.

గురువారం పై అధికారి వచ్చాడు. షెల్టరు ముందు కుర్చీలు వేశారు. నాలుగు వర్గాలూ కలిసి కూర్చుని నడిపిన కమిటీ గురించి అందరికీ చెబుతానన్నాడు. ఫోటో తన ఫోన్లో చూపించాడు. నాగూర్ బీ లేచింది.

“సార్, ఒక ప్రాణం పోయింది. యానాదులు వచ్చేశారని చెప్పింది నేను. ఒక్క కుటుంబాన్ని చూసి అందరూ వచ్చారన్నాను. అది కూడా రాసుకోండి.”

ప్రసన్నలక్ష్మి తల దించుకుంది. కాంతారావు “కూర్చోమ్మా, ఇప్పుడెందుకు,” అని గొణిగాడు. అధికారి మర్యాదగానే, “మీరు ఆవేశపడకండమ్మా. వరదలో ఎవరూ ఏం చెయ్యలేం. మీవాళ్ళందరూ క్షేమమే కదా?” అన్నాడు. జవాబు కోసం ఆగకుండానే ప్రసన్నలక్ష్మి వైపు తిరిగి, “ఆ వర్గం నుంచీ ఒకరిని కమిటీలో వెయ్యండి. లోటు లేకుండా ఉంటుంది. ఆ పెద్దాయన పేరు రాయండి,” అన్నాడు.

రత్తయ్య గోడవారగా గొంతుక్కూర్చుని ఉన్నాడు. “నా పేరెందుకులే బాబూ,” అన్నాడు మెల్లగా. “నన్ను చూసి మళ్ళీ అందరూ వచ్చేశారంటారు.”

అధికారికి అర్థం కాలేదు. ఇంకో లంకకు వెళ్ళాలని లేచాడు.

జనం చెదిరాక నాగూర్ బీ వెళ్ళి రత్తయ్య ఎదురుగా నేలమీద కూర్చుంది. తను అందరి ముందూ చెప్పింది అతనికి సరిగ్గా వినపడిందో లేదో తెలియదు. అందుకని మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. మసీదు దగ్గరివాళ్ళ కోసం ఎలా అరిచిందో, పొట్లం చేతిలో పెట్టి అంకమ్మరావును ఎలా పంపేసిందో, సంతకం ఎలా పెట్టిందో. తిట్టమంది. కొట్టినా సరేనంది.

రత్తయ్య ఆమె వైపు తిరిగాడు.

“నువ్వు మా ఇంటిల్లిపాదినీ ఎరుగుదువు గదమ్మా,” అన్నాడు.

లేచి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసుకుని, బురదలో నడుచుకుంటూ కాలవగట్టు వైపు వెళ్ళిపోయాడు.

శుక్రవారం రేవు తెరిచారు. మొదటి పంటు పడవ మీద జానీ వచ్చాడు. కూలిన గోడలు దాటుకుంటూ ఇంటిదాకా వచ్చి, వసారాలో బురద ఎత్తుతున్న భార్యను చూసి, ఆయాసంతో గుమ్మం పట్టుకున్నాడు.

“మనోళ్ళందరూ బాగున్నారా?” అన్నాడు.

నాగూర్ బీ చేతిలో పార ఆగిపోయింది. భర్త ముఖంలోకి చూసి, అవునని చెప్పలేక, కాదని చెప్పలేక, ఆ బురదలోనే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది.